వరస ఎక్కడ ఆగింది?

ఉగాది నాడు మనవాళ్ళందరం కలిసి భోజనాలు పెట్టుకుంటాం. అన్నం వడ్డించడానికి ఐదుగురున్నా, సాంబారు దగ్గర ఒక్కరే ఉంటే వరస అక్కడే ఆగుతుంది. అన్నం దగ్గర ఇంకో ఇద్దర్ని నిలబెట్టి లాభం లేదు. డేటాబేస్‌ల సంగతీ అంతే. మనలో ఎన్నో ఇళ్ళకు అన్నం పెడుతున్న ఈ రంగంలో, ఆ ఆగే చోటును పట్టుకోవడం ఎలా మొదలైందో చెప్పుకోదగ్గ కథ.

1973లో ఒక పెద్ద బ్యాంకు తన 1,000 శాఖలనూ, 10,000 మంది టెల్లర్లనూ, కోటి ఖాతాలనూ కంప్యూటరుకు కలపాలనుకుంది. సెకనుకు 100 లావాదేవీలు నడవాలంది. టాండెం కంపెనీలో పనిచేస్తున్న జిమ్ గ్రే ఆ లెక్కనే కొలబద్దగా మలిచారు. 1985 ఏప్రిల్ 1న డేటామేషన్ పత్రికలో వచ్చిన ఆ వ్యాసానికి రచయిత పేరు "అనామకుడు, తదితరులు"! అది ఒక కంపెనీ గొంతులా వినిపించకూడదని.

ఆ కొలబద్ద పేరు డెబిట్‌క్రెడిట్. పని చిన్నదే. ఖాతా నిల్వ, టెల్లరు పద్దు, శాఖ పద్దు మార్చాలి. జరిగినదాన్ని చరిత్రలో ఒక వరుసగా రాయాలి. నూటికి 95 లావాదేవీలు సెకనులోపు ముగియాలి.

ఇప్పుడు పని కొంచెం కొంచెంగా పెంచుతూ పోవాలి. ప్రాసెసరు ఖాళీగానే ఉన్నా జవాబులు ఆలస్యమవుతున్నాయా? ఒకే శాఖ పద్దు కోసం టెల్లర్లందరూ తాళం ముందు కాచుకుని ఉండవచ్చు. లేదా ప్రతి లావాదేవీ తన లాగ్ డిస్కు మీదికి ఎక్కేదాకా ఆగుతూ ఉండవచ్చు. రెండో జబ్బుకు మందు గ్రూప్ కమిట్: కొన్నింటి లాగ్ కలిపి ఒకేసారి రాయడం. జబ్బు తెలియకుండా ప్రాసెసర్లు కొంటే డబ్బు దండగ.

అయితే మంచి కొలబద్ద కూడా గొప్పలకు పనికొచ్చింది. టెర్మినళ్ళనూ, నెట్‌వర్క్‌నూ తీసేసి, టీపీ1 పేరుతో కంపెనీలు పెద్ద పెద్ద అంకెలు ప్రకటించుకున్నాయి. కష్టమైన ప్రశ్న కొట్టేసి మార్కులు చెప్పుకున్నట్టు! అందుకే 1988 ఆగస్టులో ఓమ్రి సెర్లిన్ ఎనిమిది కంపెనీలను కూడగట్టి టీపీసీ అనే మండలిని స్థాపించారు. 1989లో టీపీసీ-ఎ, 1992లో గిడ్డంగి ఆర్డర్ల నమూనాతో టీపీసీ-సి వచ్చాయి. అంకెతోబాటు వెలా, పూర్తి వివరాలూ బయటపెట్టాలన్నది నియమం.

1998లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న గ్రే, 2007 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఒంటరిగా పడవలో సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆయన నేర్పిన ప్రశ్న మాత్రం మిగిలింది. ఈ రంగంలోకి వస్తున్న మన పిల్లలకూ అదే చెబుదాం. ఎవరైనా పెద్ద అంకె చూపిస్తే ముందు అడగండి: ఏ పని చేయించి కొలిచారు? అందులోంచి ఏం తీసేశారు?