లోహం చెప్పిన అబద్ధం

2009లో మా అమ్మకు తుంటికీలు మార్చారు. రెండేళ్ళకే మళ్ళీ నొప్పి. ఎమ్మారై తీయిస్తే, కీలు ఉండవలసిన చోట పెద్ద నల్లమచ్చ, దాని అంచున తెల్లటి వంకర గీతలు. లోహం వల్ల పరిశీలన సాధ్యం కాలేదని రిపోర్టు వచ్చింది. చూడవలసిన చోటే చూడలేని యంత్రమెందుకని విసుక్కున్నాను. ఆ విసుగే నన్నీ చరిత్రలోకి దింపింది.

1973లో పాల్ లాటర్‌బర్ ప్రకటించిన పద్ధతి నిజానికి ఒక శ్రుతిజ్ఞానం. అయస్కాంత క్షేత్రం ఎంత బలంగా ఉంటే, ఒంట్లోని నీటి ప్రోటాన్లు అంత హెచ్చు పౌనఃపున్యంతో పలుకుతాయి. క్షేత్రాన్ని ఒక కొసనుండి మరో కొసకు క్రమంగా పెంచితే, పలికిన శ్రుతిని బట్టి చోటు తెలుస్తుంది. ఒకే తీగ మీద స్వరం వినగానే వేలు ఏ మెట్టు మీదుందో వైణికులు చెప్పినట్లు. లోహం తన చుట్టూ క్షేత్రాన్ని వక్రీకరిస్తుంది. యంత్రం ఆ అపశ్రుతినే నమ్మి, కండరాన్ని అది లేని చోట చిత్రిస్తుంది. టైటానియం కొంత నయం. కోబాల్ట్-క్రోమియం ప్రభావం దానికి ఇంచుమించు అయిదు రెట్లు. స్టీలు మరీ అన్యాయం.

ఎర్విన్ హాన్ 1950లోనే కనుగొన్న స్పిన్ ప్రతిధ్వని, చెదిరిన సంకేతాన్ని తిరిగి కూడగట్టేది. కాని తప్పిన చిరునామాను దిద్దలేదు. 1988లో కొరియా శాస్త్రజ్ఞుడు జాంగ్ హీ చో, సహచరులతో కలిసి, ఒక చక్కని ఉపాయం చెప్పాడు: పొరను ఎంచుకునేందుకు వాడిన క్షేత్రపు వాలునే సంకేతాన్ని వినేటప్పుడు కూడా ప్రయోగించడం. పొరలో అడ్డంగా జరిగిన పొరపాటు దానితో దాదాపు రద్దవుతుంది. బొమ్మ కాస్త మసకబారుతుంది. అయితే లోహం దగ్గర పొరే వంగిపోతుంది. దానికి ఆ ఉపాయంలో మందు లేదు.

ఆ మందు దొరకడానికి ఇరవైయొక్కేళ్ళు పట్టింది. 2009లో రెండు బృందాలు విడివిడిగా పరిష్కారాలు ప్రచురించాయి. స్టాన్‌ఫర్డ్‌వారి 'సెమాక్' వంగిన ప్రతి పొరనూ మూడో దిశలో మళ్ళీ చిరునామా అడుగుతుంది. కెవిన్ కోచ్ బృందంవారి 'మావ్రిక్' శ్రుతులను పట్టీలుగా విభజించి, ఒక్కొక్క పట్టీకి వేరుగా బొమ్మ తీసి, అన్నింటినీ కలుపుతుంది. రెండింటికీ సమయమే మూల్యం. నొప్పితో ఉన్న మనిషి అంతసేపు కదలకుండా పడుకోవాలి కదా!

ఆ మరుసటి ఏడే, 2010లో, లోహంతో లోహం ఒరుసుకునే ఒక రకం తుంటికీళ్ళను మార్కెట్టునుండి ఉపసంహరించారు. కీలు చుట్టూ మెత్తటి కణజాలం దెబ్బతింటే ఎక్స్‌రే పట్టుకోలేదు. అంతవరకు ప్రయోగశాలల్లో ఉన్న ఈ పద్ధతుల అవసరం అప్పుడు ఆసుపత్రులకు బాగా తెలిసివచ్చింది.

2014లో మరో ఊళ్ళో అమ్మకు సెమాక్‌తో తీశారు. నల్లమచ్చ కుంచించుకుపోయి, కీలు పక్కన చేరిన ద్రవం స్పష్టంగా కనిపించింది. డాక్టరుగారు వేలుపెట్టి చూపించారు. అమ్మ కళ్ళద్దాలు సవరించుకుని, "నొప్పి ఉందని నేనప్పుడే చెప్పాను కదురా" అంది.