ముందు మూత తిప్పి చూడండి

ఆవకాయకు సీసా కొనేటప్పుడు చాలామంది గాజు మందం చూస్తారు, అందం చూస్తారు. నేనైతే ముందు మూత తిప్పి లోపలివైపు చూస్తాను. నిల్వ సీసాల చరిత్రలో పెద్ద చిక్కులన్నీ మూత దగ్గరే వచ్చాయి.

గాజు రాకముందు జాడీలే దిక్కు. బర్మాలోని మర్తబాన్ రేవు నుంచి మెరుగుపూత పెట్టిన పెద్ద జాడీలు హిందూ మహాసముద్రం పొడవునా వెళ్లేవి. ఓడ ప్రయాణం కోసం ఉప్పులో ఊరవేసిన అల్లం, మిరియాలు, నిమ్మకాయలు, మామిడికాయలు నింపిన అలాంటి జాడీల గురించి 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా రాశాడు. ఉప్పూ పులుపూ కలిసిన చోట రాగి, ఇత్తడి, ఇనుము నిలవవు. పూత పెట్టి కాల్చిన మట్టికి ఆ భయం లేదు. మన జాడీకి మూత కూడా అదే మట్టిది, పైన వాసెన గుడ్డ. పచ్చడికి లోహం తగిలే దారే లేదు.

గాజు కథ ఫ్రాన్సులో మొదలైంది. నికొలా అపేర్ సీసాల్లో ఆహారం నింపి, బిరడా బిగించి, నీళ్లలో ఉడికించి నిల్వ చేశాడు. 1810లో అక్కడి ప్రభుత్వం ఆయనకు 12,000 ఫ్రాంకులు ఇచ్చింది. ఆహారం ఎందుకు చెడకుండా ఉందో పాశ్చర్ పరిశోధనలు వచ్చేదాకా తెలియలేదు. 1858 నవంబరు 30న అమెరికాలో జాన్ మేసన్ అనే రేకు పనివాడు మూతికి మరలున్న సీసాకు పేటెంటు తీసుకున్నాడు. మూత మాత్రం జింకుది. పుల్లటి పదార్థం తగిలితే జింకు కరుగుతుంది, రుచి పాడవుతుంది. 1869లో లూయిస్ బాయిడ్ మూత లోపల తెల్లగాజు బిళ్ల అమర్చాకే ఆ బెడద తగ్గింది. 1882లో హెన్రీ పట్నం తీగతో బిగించే గాజు మూత తెచ్చాడు. అంత తిరిగి, మన జాడీ మొదటినుంచీ ఉన్నచోటికే చేరారు.

ఇక్కడ మహారాష్ట్రలోని తలెగావ్‌లో, తలా ఒక పైసా చొప్పున పోగుచేసిన స్వదేశీ నిధితో 1908లో గాజు కర్మాగారం వెలిసింది. తర్వాత హైదరాబాదు సనత్‌నగర్‌లోనూ సీసాల కర్మాగారం వచ్చింది. అయినా మన వంటింట్లో గాజును స్థిరపరిచింది ఖాళీ అయిన హార్లిక్స్ సీసాలే అంటాను.

అపేర్, మేసన్‌ల సీసాల్లో ఆహారాన్ని కాపాడింది వేడీ, గాలి చొరబడని బిగింపూ. ఆవకాయను కాపాడేవి ఉప్పు, పులుపు, ఆవపిండి, పైన తేలే నూనె. అందుకే వాళ్ల సీసా తడిగా ఉన్నా ఫరవాలేదు, ఎలాగూ నింపాక ఉడికిస్తారు. మనం ఉడికించం. సీసాలో మిగిలిన నీటిచుక్క ఉన్నచోట ఉప్పు పలచబడి, బూజు అక్కడే మొదలవుతుంది. పెద్దవాళ్లు జాడీని ఎండలో బోర్లించడం చాదస్తం కాదు, ఈ పచ్చడికి అసలు కావలసింది ఆ పొడితనమే.

కాబట్టి సీసా మూతి వెడల్పుగా ఉండాలి, చెయ్యి కాకపోయినా పొడి గరిటె తేలిగ్గా తిరగాలి. మూతి అంచు మీద వేలు నిమిరి చూడండి, పెచ్చు ఊడి ఉంటే పక్కన పెట్టేయండి. మామూలు గాజు ఒక్కసారిగా వేడి తగిలితే పగులుతుంది. అందుకని గిన్నె అడుగున గుడ్డ పరిచి, చన్నీళ్లలోనే సీసా పెట్టి, సన్నసెగన మరగనిచ్చి 10 నిమిషాలు ఉంచండి. ఆ నీళ్లలోనే చల్లారనిచ్చి తీయండి. గుడ్డతో తుడవకండి, నూగు అంటుకుంటుంది. మంచి ఎండలో మూత విడిగా, సీసా విడిగా పూర్తిగా ఆరాలి. పచ్చడి పెట్టేటప్పుడు పైన రెండు వేళ్ల ఖాళీ వదలండి. మూడోనాడు తిరగకలిపాక నూనె పైకి తేలాలి, తేలకపోతే మరికాస్త పొయ్యండి.

ఇనుపరేకు మూతకు లోపల తెల్లటి పూత ఉంటుంది. గోటితో గీస్తే రాలేలా ఉన్నా, ఎక్కడైనా తుప్పు మచ్చ కనిపించినా ఆ మూత పచ్చడికి పనికిరాదు. సీసా బాగుంటే ఉంచుకుని, దానికి సరిపోయే గాజు మూతో ప్లాస్టిక్ మూతో వెతకండి. అది దొరికేదాకా ఉతికి పొడిగా ఆరేసిన నూలుగుడ్డతో వాసెన కట్టండి.