‘పుండు’ అనే మాట చరిత్ర

భాష వర్గాతీతం కాదని కావ్యాల దగ్గర, పత్రికల దగ్గర ఎన్నోసార్లు చెప్పుకున్నాం. ఆస్పత్రి చీటీ దగ్గర ఆ చర్చ చేయలేదు. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో నడివయసు స్త్రీలను కదిపితే ‘గర్భసంచికి పుండు’ అన్న మాట వినిపిస్తుంది. తెల్లబట్ట అవుతోందని పోతే పుండున్నదన్నారనీ, తీయకపోతే కేన్సరవుతుందన్నారనీ చెప్తారు.

ఈ పుండు పుట్టింది యూరప్‌లో. పందొమ్మిదో శతాబ్దపు వైద్యులు గర్భాశయ ముఖద్వారం మీది ఎర్రని భాగాన్ని చూసి పైపొర ఒరుసుకుపోయిందనుకున్నారు, ‘ఎరోజన్’ అన్నారు. నిజానికక్కడ ఊడిపోయిందేమీ లేదు. ద్వారం లోపలి గొట్టాన్ని కప్పే పొర ఒకే వరుస కణాలతో పలచగా ఉంటుంది గనుక కింది రక్తనాళాలు ఎర్రగా కనిపిస్తాయి. పడుచుతనంలో, గర్భిణిగా ఉన్నప్పుడు, గర్భనిరోధక మాత్రలు వాడేటప్పుడు హార్మోన్ల వల్ల ఆ పొర బయటి ముఖం మీదికి వస్తుంది. 1925లో జర్మనీలో హిన్సెల్‌మన్ కాల్పోస్కోపు తయారుచేశాక దాన్ని పెద్దదిగా చేసి చూడగలిగారు. నేటి వైద్యం దాన్ని ‘ఎక్ట్రోపియన్’ అంటుంది. చాలామందికి చికిత్సే అక్కర్లేదు.

పుస్తకాల్లో పేరు మారినా పాత పేరు నడుస్తూనే ఉంది. తెలుగులోకి వచ్చి ‘పుండు’ అయింది. పుండంటే మనకు ముదిరేది, కుళ్లేది, కోసెయ్యవలసింది. ఇంత భయం ఇంగ్లీషు మాటలో కూడా లేదు! ‘లోపొర బయటికి వచ్చింది’ అంటే సరిపోయేది.

మాట ఒక్కటే ఇంత పని చేయలేదు. కాంట్రాక్టు కూలికి పోయే స్త్రీకి ప్రతి పరీక్షా ఒక రోజు కూలి నష్టం. ఒక్కసారి తీయించుకుంటే పీడ పోతుందన్న సలహా ఆమెకు న్యాయంగానే తోస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో అవసరం లేని గర్భసంచి తొలగింపుల గురించి 2009లోనే వైద్యులు కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి రాశారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి 3.2, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9.

అసలు వెతకవలసింది వేరే ఉంది. ఈ కేన్సర్ వెనక ఉన్న పాపిల్లోమా వైరస్‌ను హరాల్డ్ జుర్ హౌజెన్ బృందం 1983లో గుర్తించింది. వైరస్ ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తేనే కణాలు చెడతాయి, అదీ నొప్పి లేకుండా. పలచని ఎసిటిక్ ఆమ్లం అద్ది ఒక నిమిషం ఆగితే చెడిన చోటు తెల్లబారుతుంది. తెల్లబారినంత మాత్రాన కేన్సర్ కాదు, మరో పరీక్ష కావాలి. కేన్సర్‌కు ముందు దశ అయితే గడ్డకట్టించో, వేడితోనో ఆ భాగానికే చికిత్స చేస్తారు, గర్భసంచి ఉంటుంది. కలయిక తర్వాతో, ముట్లుడిగాకో రక్తం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు.

30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు అయిదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలని 2016లో కేంద్రం చెప్పింది. 2019-21 సర్వేలో, దేశంలో 30-49 ఏళ్ల స్త్రీలలో ఎన్నడైనా ముఖద్వార పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు.