కారుకు చిన్న గీత పడినా క్లెయిమ్ చేస్తున్నారా? వచ్చే ఏడాది ప్రీమియం లెక్క ఇదీ!

తిరుమల ఘాట్ రోడ్డు మలుపులో పిట్టగోడకు బంపర్ రాసుకుపోవడం, లీలామహల్ సర్కిల్ దగ్గర ముందున్న ఆటో సడన్‌గా ఆగితే హెడ్‌లైట్ పగలడం.. తిరుపతిలో కారున్న వాళ్లకు ఇవి కొత్తేం కాదు. ఇన్సూరెన్స్ ఉంది కదా అని చాలామంది నేరుగా షోరూమ్‌కు వెళ్లి క్లెయిమ్ పెట్టేస్తారు. ఆ ఒక్క క్లెయిమ్ వల్ల తర్వాతి నాలుగైదేళ్లు ఎంత ఎక్కువ కట్టాల్సి వస్తుందో మాత్రం లెక్క చూసుకోరు.

ముందు పాలసీలో ఏముంటుందో చూద్దాం. కారు పాలసీలో ప్రధానంగా రెండు భాగాలు. ఒకటి థర్డ్ పార్టీ. మన కారు వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి ఇది. మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పనిసరి. ఇది లేకుండా బండి నడిపితే మొదటిసారి రూ.2,000, రెండోసారి రూ.4,000 జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. రెండోది ఓన్ డ్యామేజ్. ఇది మన కారు రిపేరుకు.

థర్డ్ పార్టీ రేటును కంపెనీలు నిర్ణయించవు, కేంద్రమే నోటిఫై చేస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కార్లకు ఏడాదికి రూ.2,094, 1000 నుంచి 1500 సీసీ వరకు రూ.3,416, ఆపైన రూ.7,897. జీఎస్టీ అదనం. ఇక్కడో విచిత్రం ఉంది. పదేళ్లుగా ఒక్క యాక్సిడెంట్ కూడా చేయని డ్రైవర్, ఏడాదికి రెండుసార్లు గుద్దే డ్రైవర్.. ఇద్దరూ కట్టేది ఇదే రేటు. రికార్డుతో సంబంధం లేదు.

అసలు తేడా వచ్చేది ఓన్ డ్యామేజ్‌లోనే

2007 జనవరి 1 నుంచి ఈ భాగానికి రేటు పెట్టుకునే స్వేచ్ఛ కంపెనీలకు వచ్చింది. కారు విలువ, వయసు, ఇంజిన్ కెపాసిటీ, రిజిస్టర్ అయిన ఊరు చూస్తారు. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ లాంటి 8 నగరాలు 'ఎ' జోన్. తిరుపతి, చిత్తూరు 'బి' జోన్‌లోకి వస్తాయి. అందుకే సాధారణంగా ఇక్కడి రిజిస్ట్రేషన్ బండికి బెంగళూరు బండి కంటే కాస్త తక్కువ పడుతుంది. పలమనేరు, కుప్పం వైపు కేఏ నంబరు కార్లు వాడేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

వీటన్నిటికంటే పెద్దది నో క్లెయిమ్ బోనస్. ఏడాదంతా క్లెయిమ్ చేయకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం తగ్గిస్తారు. వరుసగా రెండేళ్లయితే 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50 శాతం. మధ్యలో ఒక్క క్లెయిమ్ చేశారా.. మళ్లీ సున్నా నుంచి మొదలు.

ఒక లెక్క చూద్దాం. చిన్న కారు, ఓన్ డ్యామేజ్ ప్రీమియం రూ.10,000 అనుకుందాం. ఐదేళ్లు క్లెయిమ్ లేదు కాబట్టి ఓనర్ కట్టేది రూ.5,000. ఇప్పుడు బంపర్ పోయింది, కొత్తది రూ.6,000. జీరో డిప్రిసియేషన్ లేకపోతే ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు, అంటే రూ.3,000. అందులో తప్పనిసరి కోత రూ.1,000 పోతుంది. చేతికొచ్చేది రూ.2,000!

మరి పోయేదెంత? వచ్చే ఏడాది బోనస్ లేదు కాబట్టి పూర్తిగా రూ.10,000 కట్టాలి. తర్వాత వరుసగా రూ.8,000, రూ.7,500, రూ.6,500, రూ.5,500. పాత రూ.5,000తో పోలిస్తే ఐదేళ్లలో అదనంగా రూ.12,500. కారు విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి నిజంగా ఇంత పడకపోవచ్చు. అయినా రూ.2,000 కోసం చేసే పని కాదు. పైగా క్లెయిమ్‌లు ఎక్కువైతే కొన్ని కంపెనీలు బేసిక్ రేటునే పెంచేస్తాయి. బోనస్ పోకుండా కాపాడే యాడ్ ఆన్ కూడా ఉంది, కాకపోతే దానికి విడిగా కట్టాలి.

తప్పు ఎదుటివాడిదైతే? మన పాలసీ మీద క్లెయిమ్ చేస్తే అప్పుడూ బోనస్ పోతుంది. ఈ రూల్ తెలిసి కోపం తెచ్చుకోని ఓనర్ ఉండడు.

చలాన్లు పడితే ప్రీమియం పెరుగుతుందా?

నేరుగా పెరిగే పద్ధతి మన దగ్గర ఇంకా రాలేదు. తిరుమల ఘాట్‌నే చూడండి. పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాల కంటే ముందే చేరితే ఓవర్ స్పీడ్ కిందే లెక్క. కానీ ఆ సంగతి ఇన్సూరెన్స్ కంపెనీ దాకా వెళ్లదు.

ఈ ఆలోచన మాత్రం ఎప్పుడో వచ్చింది. ఐఆర్‌డీఏఐ వేసిన వర్కింగ్ గ్రూప్ 2021 జనవరిలో 'ట్రాఫిక్ వయొలేషన్ ప్రీమియం' పెట్టాలని సిఫార్సు చేసింది. తాగి నడిపితే 100 పాయింట్లు, రాంగ్ పార్కింగ్‌కు 10. పాయింట్లను బట్టి బండి ఓనర్ అదనంగా కట్టాలి. ముందు ఢిల్లీలో ప్రయోగాత్మకంగా చేయాలన్నారు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది పాత సంగతే. కాలిఫోర్నియాలో అయితే 1988 నాటి చట్టం ప్రకారం ప్రీమియం లెక్కలో మొదట చూసేది డ్రైవింగ్ రికార్డే. మన దగ్గర 2022 జులైలో ఎంత నడిపారు, ఎలా నడిపారు అన్నదాన్ని బట్టి రేటు కట్టే పాలసీలకు ఐఆర్‌డీఏఐ ఓకే చెప్పింది. ఇష్టమున్నవాళ్లు తీసుకోవచ్చు.

ప్రీమియం పెరగదు కదా అని లైట్ తీసుకోవద్దు. దెబ్బ క్లెయిమ్ దగ్గర పడుతుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే చట్టం ప్రకారం డ్రంక్ అండ్ డ్రైవ్. మొదటిసారి రూ.10,000 దాకా ఫైన్, ఆరు నెలల వరకు జైలు. ఆ స్థితిలో గుద్దితే కారు రిపేరుకు కంపెనీ పైసా ఇవ్వదు. లైసెన్స్ లేనివాళ్లకు స్టీరింగ్ ఇచ్చినా అంతే. ఎదుటివాళ్లు చనిపోతే వాళ్ల కుటుంబానికి ముందు కంపెనీతో పరిహారం కట్టించి, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెబుతుంటాయి. ఆ మొత్తం లక్షల్లో ఉంటుంది. 2024 సెప్టెంబరులో ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొన్న మొగిలి ఘాట్ లాంటి చోట్ల ఒక్క యాక్సిడెంట్‌లోనే పలువురి ప్రాణాలు పోతున్నాయి. అలాంటప్పుడు ఆ భారం ఏ కుటుంబమూ మోయలేదు.

తిరుపతిలో ఎక్కువగా కనిపించే ఇంకో తప్పు, వైట్ బోర్డు కార్లను బాడుగకు తిప్పడం. రైల్వే స్టేషన్ నుంచి కాణిపాకం, శ్రీకాళహస్తి ట్రిప్పులు సొంత కార్లలోనే వేసేస్తున్నారు. ప్రైవేట్ కారు పాలసీ బాడుగకు వర్తించదు. దారిలో ఏదైనా జరిగి, ప్రయాణికులు డబ్బులిచ్చి ఎక్కామని చెబితే క్లెయిమ్ ఆగిపోతుంది.

కారు అమ్మేటప్పుడు

నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, ఓనర్‌ది. పాత కారు అమ్మి కొత్తది కొంటే కంపెనీ నుంచి బోనస్ లెటర్ తీసుకుని కొత్త బండికి వాడుకోవచ్చు, మూడేళ్ల వరకు చెల్లుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు పాత ఓనర్ బోనస్‌తోనే రెన్యువల్ చేయించుకుంటే క్లెయిమ్ సమయంలో బయటపడుతుంది. పాలసీ గడువు ముగిశాక 90 రోజుల్లోపు రెన్యువల్ చేయించకపోయినా కూడబెట్టిన బోనస్ మొత్తం పోతుంది.