ఆనె

ఒత్తిడికి, రాపిడికి అరికాలి చర్మం గట్టిపడి లోపలికి గుచ్చుకుంటుంటే దాన్ని ఆనె అంటాం, ఆనెకాయ అని కూడా. నెల్లూరికి దక్షిణాన తమిళులు ‘కాల్ ఆణి’ అంటారు. ఆణి అంటే మేకు. వైద్యగ్రంథాల్లోని లాటిన్ పేరు ‘క్లావస్’కూ అర్థం మేకే! అడుగు వేసినప్పుడల్లా దిగే ఆ పోటు తెలిసినవాళ్లకు ఇంకో మాట తట్టదేమో.

ఆనెల నుంచి ఎముకల దాకా పాదాన్నంతా చూసే చదువు పోడియాట్రీ. గ్రీకులో ‘పోడ్’ పాదం, ‘ఇయాట్రోస్’ వైద్యుడు. ఆ పోడ్, మన పాదం ఒకే మూలం నుంచి వచ్చాయి. 20వ శతాబ్దం తొలినాళ్లలో న్యూయార్క్‌లో డాక్టర్ మారిస్ లూయీ ఈ పేరు తెచ్చారు; అంతకుముందు ఈ వృత్తిని కైరోపొడీ అనేవారు. అమెరికాలో డిగ్రీ తర్వాత 4 ఏళ్ల డీపీఎం (డాక్టర్ ఆఫ్ పోడియాట్రిక్ మెడిసిన్), ఆపైన రెసిడెన్సీ. ఇంగ్లండ్‌లో సాధారణంగా 3 ఏళ్ల బీఎస్సీ.

నెల్లూరు జిల్లా ఇస్కపల్లి ఉప్పుమడుల్లోకి ఉత్తకాళ్లతో దిగేవాళ్లున్న ఈ తీరానికి పాదవైద్యులు కావాలి. మన పిల్లలు ఈ చదువు వైపు చూడాలి. ఈలోగా ఒక జాగ్రత్త: షుగరు వల్ల నరాలు మొద్దుబారితే ఆనె కింద పుండు పడినా నొప్పి తెలియదు. షుగరున్నవాళ్లు ఆనెను బ్లేడుతో కోసుకోకండి, మందు పట్టీలు సొంతంగా వేసుకోకండి. డాక్టరుకు చూపించండి.