జమీందారీల రద్దు - చట్టములందలి రైతు

జమీందారీలు తొలఁగిన పిదప ఆంధ్రదేశమున భూమి యెవరికిఁ జేరినదన్న, రైతునకే యని చెప్పుట వాడుక. అది సత్యమే. కాని చట్టమునందు రైతనఁగా నెవఁడో విచారించినఁగాని విషయము తేటపడదు.

1802వ సంవత్సరమునఁ గుంపిణీవా రుత్తర సర్కారులందు శాశ్వతపు బందోబస్తు నేర్పఱచిరి. జమీందారు సర్కారునకుఁ జెల్లింపవలసిన పేష్కషు దానిచే స్థిరమయ్యెను. రైతు జమీందారునకుఁ జెల్లింపవలసిన శిస్తు మాత్రము కార్యతః స్థిరము గాలేదు. పట్టా ముచ్చిలికలు మార్చుకొనవలెనను విధి కలదు. అయినను పైరును పశువులను జప్తు చేయు నధికారము జమీందారునకుండఁగా, ఆ కాగితము రైతునకెంతటి రక్ష కాఁగలదు?

1908వ సంవత్సరపు ఎస్టేట్ల భూమి చట్టము ఈ స్థితిని మార్చెను. జిరాయితీ భూమిని సాగుచేయు రైతునకు శాశ్వతమైన సాగుహక్కు లభించెను. శిస్తుల భారము మాత్రము నిలిచియే యుండెను. 1937-38 సంవత్సరములలో రైతులు ఇచ్ఛాపురము మొదలు చెన్నపట్టణము వఱకుఁ గాలినడకను యాత్ర సాగించిరి. టంగుటూరి ప్రకాశము పంతులుగారి యధ్యక్షతను నడచిన విచారణ సంఘము 1938లో భూమికి స్వామి రైతే యనియు, శిస్తు 1802 నాఁటి మట్టమునకుఁ దగ్గవలయుననియు నభిప్రాయపడెను. 1939లో మంత్రివర్గము రాజీనామా చేయుటచే నది యపుడు శాసనము గాలేదు. 1947లో శిస్తులను దగ్గించు చట్టమును, 1948లో 26వ చట్టముగా రద్దు శాసనమును వచ్చినవి.

రద్దుచే రైతునకు సర్కారునుండి నేరుగా రైతువారీ పట్టా దొరకెను; దివాణపు జప్తుల భయము తొలఁగెను. జమీందారునకుఁ బరిహారముతోపాటు సొంత కమతపు భూములకుఁ బట్టాయు దక్కెను. చెఱువులు, అడవులు, బంజరులు సర్కారు పరమయ్యెను.

ఇఁక మిగిలినవాఁడు కౌలుదారు. 1908 నాఁటి చట్టమున రైతనఁగా జమీందారునకు శిస్తు చెల్లించు షరతుపై జిరాయితీ భూమి గలవాఁడు. ఆ రైతునొద్దఁ గౌలునకుఁ దీసికొని దున్నినవాఁడు చట్టమునకు రైతు గాఁడు. పాలేరు సంగతి చెప్పనేల? పట్టా పేరున్నవానికే చేరెను. కౌలుదారు రక్షణకై 1956లో వేఱు చట్టమును, భూపరిమితికై 1973లో మఱొక చట్టమును జేయవలసి వచ్చెను.

కావున 1948 నాఁటి శాసనము దివాణమునకును రైతునకును నడుమ నూటనలువదియాఱేండ్లు సాగిన వ్యాజ్యమును దీర్చినదే గాని, రైతునకును దున్నువానికిని నడుమనున్న దానిని దీర్చినది గాదు. ఒక్క మాటకుఁ జట్టము చెప్పిన యర్థమే గ్రామములందు నెవరికి భూమియో, యెవరికిఁ గూలియో నిర్ణయించినది.