ధాత కరువులో ఒంగోలు క్రైస్తవులు

1876లో నైరుతి రుతుపవనాలు దక్షిణ భారతంలో చాలాచోట్ల మొహం చాటేశాయి. ఆ వెనుక రావలసిన ఈశాన్య వానలూ రాలేదు. తెలుగు లెక్కలో అది ధాత నామ సంవత్సరం. అందుకే జనం నోట అది ధాత కరువుగా నిలిచిపోయింది. మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీలు, మైసూరు, హైదరాబాదు సంస్థానాలు 1878 దాకా కోలుకోలేదు. ఆకలికి, ఆకలి వెంట వచ్చిన కలరాకు, జ్వరాలకు 50 లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. అవే సంవత్సరాల్లో ఉత్తర చైనాలో, ఈశాన్య బ్రెజిల్‌లో కూడా ఘోరమైన కరువులు వచ్చాయి. పసిఫిక్ సముద్ర జలాలు వేడెక్కడానికీ, అంటే ఎల్‌నినోకూ, ఈ అనావృష్టికీ సంబంధం ఉందని శాస్త్రజ్ఞులు చెప్పింది చాలా కాలం తర్వాత. అప్పటి మనిషి తన విశ్వాసంలోంచే ఆ విపత్తుకు అర్థం వెతుక్కున్నాడు. క్రైస్తవ విశ్వాసం ఆ పరిస్థితిలో మనుషుల చేత ఏం చేయించింది, ఏం చేయనివ్వలేదు అన్నది ఒంగోలు ప్రాంతపు చరిత్రలో వివరంగా కనిపిస్తుంది.

క్రైస్తవ గ్రంథంలో విపత్తు గురించి రెండు ధోరణులు పక్కపక్కనే ఉన్నాయి. పాత నిబంధనలో ఏలీయా కాలపు అనావృష్టి, యోవేలు గ్రంథంలోని మిడతల దండు దేవుడి తీర్పుకు గుర్తులు. జనం పశ్చాత్తాపపడాలన్నది వాటి సారం. కొత్త నిబంధనలో యేసు ఈ లెక్కను అంత తేలిగ్గా ఒప్పుకోడు. సిలోయము గోపురం కూలి చనిపోయినవాళ్లు మిగతావాళ్ల కంటే పాపులు కారంటాడు. పుట్టుగుడ్డి విషయంలో పాపం ఎవరిదన్న ప్రశ్ననే పక్కన పెడతాడు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో, ఆకలిగొన్నవాడికి పెట్టిన అన్నం తనకు పెట్టినట్టే అంటాడు. మొదటి ధోరణి విపత్తుకు కారణం చెబుతుంది, రెండోది కర్తవ్యం చెబుతుంది.

బ్రిటన్‌లో 19వ శతాబ్దం మధ్య దాకా మొదటి ధోరణికి రాజ్యమే ముద్ర వేసేది. ఐర్లండ్ కరువు సమయంలో 1847 మార్చి 24న, భారతదేశంలో సిపాయిల తిరుగుబాటు సమయంలో 1857 అక్టోబరు 7న దేశమంతా ఉపవాసం ఉండి ప్రార్థించాలని ప్రకటనలు వెలువడ్డాయి. ధాత కరువు నాటికి ఈ ఆచారం వెనకబడింది. 1877 ఆగస్టులో లండన్ మేయరు పేరున తెరిచిన మాన్షన్ హౌస్ నిధికి చర్చిల ద్వారా, ప్రజల నుంచి అయిదు లక్షల పౌండ్లకు పైగా చందాలు పోగయ్యాయి.

తెలుగు పల్లెల్లో విపత్తుకు వేరే వివరణ ఉండేది. కరువైనా కలరా అయినా పోలేరమ్మ, అంకమ్మ వంటి గ్రామదేవతల ఆగ్రహంగా భావించేవారు. ఊరంతా కలిసి జాతర చేయాలి, బలులివ్వాలి, మాదిగలు డప్పు కొట్టాలి. జాతరలో పాల్గొనని కుటుంబం ఊరి క్షేమానికే అడ్డంగా కనిపించేది. మాదిగవాడల్లో క్రైస్తవం పుచ్చుకున్నవాళ్లకు ఊరితో మొదటి తగాదా సాధారణంగా ఈ డప్పు దగ్గరే మొదలయ్యేది.

ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో భారతదేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. పాతికేళ్లు గడిచినా సంఘంలో చేరినవాళ్లు చాలా తక్కువ. ఈ మిషన్‌ను మూసేయాలన్న ప్రతిపాదన అమెరికాలో పదేపదే వచ్చింది. 1853లో ఆల్బనీలో జరిగిన చర్చ తర్వాత దీనికి ఒంటరి నక్షత్రం అన్న పేరు స్థిరపడింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూవెట్ దంపతులు, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. ఆ కొండకు ప్రార్థన కొండ అనే పేరు అప్పటి నుంచి వచ్చింది. 1865లో మద్రాసులో దిగిన మరో మిషనరీ జాన్ క్లౌ మరుసటి ఏడాది ఒంగోలుకు మకాం మార్చాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం ఏర్పడింది.

ఆ సంఘం పెరగడానికి కారకుడు క్లౌ కంటే ముందు యెర్రగుంట్ల పేరయ్య. ఆయన తోళ్ల పని చేసే మాదిగ. అంతకు ముందే యోగ సాధన చేసి, గురువును సేవించి, తన కులంలో మాట చెల్లుబడయ్యే పెద్దగా ఉన్నాడు. 1866లో బాప్తిస్మం పుచ్చుకున్నాక తన బంధువర్గం ఉన్న పల్లెలన్నీ తిరిగాడు. వియ్యపు సంబంధాల మీదుగా ఆ మాట కుటుంబం నుంచి కుటుంబానికి పాకింది. చేరినవాళ్ల ముందు మూడు నియమాలు ఉంచారు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. ఈ మూడూ ఊరితో మాదిగల కట్టుబాట్లను నేరుగా తాకేవే. వాళ్లు రైతులకు చెప్పులు, కపిలెలకు తోలు బానలు, ఎడ్లకు పట్టెడలు చేసి పెట్టేవారు, వెట్టి చేసేవారు. బదులుగా కళ్లంలో మేర, అంటే ధాన్యంలో వాటా, పొందేవారు. ఆదివారం పని మానితే రైతుకు కోపం, డప్పు మానితే ఊరికి కోపం. ఇన్ని ఇబ్బందుల మధ్య కూడా 1876 చివరికి ఒంగోలు సంఘంలో మూడు వేల మందికి పైగా సభ్యులున్నారు.

పంట లేనప్పుడు కళ్లం లేదు, కళ్లం లేనప్పుడు మేర లేదు. అందుకే కరువు మొదట కూల్చింది ఊరి చివర వాడలను. సంస్థానాల నుంచి, ప్రెసిడెన్సీల నుంచి జనం దిక్కు తోచక వలస పోతుండగా, 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటించే దర్బారు నడిపాడు. ధాన్యం ధరల్లో ప్రభుత్వం తలదూర్చకూడదని, కరువు ఖర్చు అదుపులో ఉంచాలని ఆయన విధానం. ఆయన పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగవాడి రోజు కూలిని ఒక పౌను ధాన్యం, దానిపై కొద్దిపాటి డబ్బుగా తగ్గించాడు. ఈ తిండి మీద పని చేసే మనిషి నిలవడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. 1877 మే నెలలో మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది.

అప్పటి పెద్ద కరువు పనుల్లో ఒకటి కోస్తా వెంట తవ్విన కాలువ. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరు మీద తర్వాత అది బకింగ్‌హాం కాలువ అయింది. ఆ పనిలో చేరిన ఒంగోలు క్రైస్తవులకు చిక్కు వచ్చిపడింది. మేస్త్రీలు, ఓవర్సీర్లు ఎక్కువగా పై కులాలవాళ్లు కావడంతో మాదిగలకు దూషణలు, కూలిలో కోతలు తప్పలేదు. క్లౌ మతబోధకుడు కాకముందు మిన్నెసోటాలో భూముల సర్వే చేసినవాడు. ఆ అనుభవంతో మూడు మైళ్లకు పైగా కాలువ తవ్వకాన్ని స్వయంగా కాంట్రాక్టుకు తీసుకున్నాడు. రాజుపాలెం దగ్గర తాటాకు గుడిసెలతో శిబిరం వెలిసింది. తాగునీటికి బావులు తవ్వారు. సంఘం బోధకులే మేస్త్రీలయ్యారు. మాదిగలతో పాటు ఇతర కులాలవాళ్లూ పనికి వచ్చారు. దూరపు పల్లెల నుంచి నడిచి వచ్చి, గంప ఎత్తలేని స్థితిలో ఉన్నవాళ్లు కూడా ఉండేవారు. శిబిరంలో కలరా సోకి చనిపోయినవాళ్లు ఉన్నారు.

పగలు మట్టి పని, పని ఆగిన వేళల్లో మాటలు. బోధకులు ఎక్కువగా ఎత్తుకున్నది మత్తయి 11వ అధ్యాయం చివర, ప్రయాసపడి భారం మోస్తున్నవాళ్లకు యేసు ఇచ్చే పిలుపు. మట్టి తట్టలు మోస్తున్నవాళ్లకు ఆ మాటను విడమరిచి చెప్పే అవసరం లేకపోయింది. కరువు ఎవరి పాపఫలం అన్న చర్చ కంటే ఆ పిలుపే వాళ్లలో నాటుకుంది. పని ముగించుకుని వెళ్లినవాళ్లు ఆ మాటను తమ పల్లెలకు తీసుకెళ్లారు.

తర్వాతి ఘట్టం చందాల పంపకం. మాన్షన్ హౌస్ నిధి నుంచి వచ్చిన సొమ్మును తిండికి, విత్తనాలకు, ఇళ్లు కూలినవాళ్లకు సాయంగా పంచే కమిటీల్లో మిషనరీలకూ చోటు దక్కింది. అక్కడే పెద్ద ప్రశ్న ఎదురైంది. ధాన్యం పంచే చేయీ, బాప్తిస్మం ఇచ్చే చేయీ ఒకటే అయినప్పుడు మనిషి దేని కోసం వస్తున్నాడో తెలిసేదెట్లా? క్లౌ దీనికి కఠినమైన నియమం పెట్టుకున్నాడు. 1877 మార్చి నుంచి దాదాపు పదిహేను నెలల పాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పల్లెలకు పల్లెలు వచ్చి అడుగుతున్నా బోధకులు వాళ్లను తిప్పి పంపారు. మతాన్ని చాటడమే పనిగా వచ్చిన సంస్థకు ఇది తన పనిని తానే ఆపుకోవడం.

1878 జూన్‌లో సాయపు సొమ్ము అయిపోవచ్చింది. క్లౌ ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున, మద్రాసు నుంచి కలకత్తా పోయే బాట మీద ఉన్న వెల్లంపల్లిలో సంఘస్థులను కలవడానికి ఏర్పాటు చేశాడు. బాప్తిస్మం కోరేవాళ్లు రావద్దని ముందుగా కబురు పంపాడు. అయినా వాళ్లే ఎక్కువగా వచ్చారు. ఇకపై ఇవ్వడానికి తన దగ్గర డబ్బు లేదని ఆయన చెబితే, తమకు డబ్బు అక్కర్లేదని, సంఘంలో చేర్చుకుంటే చాలని బదులిచ్చారు. ఆ తర్వాత పల్లెలవారీగా, ఆయా పల్లెల్లో తిరిగిన బోధకుల సమక్షంలో వాళ్లను విచారించారు. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం మూడు రోజుల్లో 3,536 మంది గుండ్లకమ్మ నీటిలో మునిగారు. బోధకులు ఇద్దరేసి నీళ్లలో నిలబడేవారు, అలసిపోతే మరో ఇద్దరు దిగేవారు. గుమాస్తాలు ఒక్కొక్కరి పేరూ చదివేవారు. జులై 3న బాప్తిస్మం ఇచ్చినవాళ్లంతా తెలుగు బోధకులే. క్లౌ చేతుల మీదుగా ఒక్కటీ జరగలేదు. ఆ ఏడాది చివరికి ఈ సంఖ్య 9,606కు చేరింది.

ఈ వార్త ప్రపంచమంతా పాకింది, దాని వెంటే సందేహాలూ వచ్చాయి. వీళ్లు గంజి కోసం వచ్చిన క్రైస్తవులని కొందరన్నారు. ఇంతమందిని ఒక్కొక్కరినీ పరీక్షించి చేర్చుకోవడం సాధ్యమేనా అని సాటి మిషనరీలే అడిగారు. బాప్టిస్టు సంప్రదాయంలో విశ్వాసం వ్యక్తి సొంత నిర్ణయం కావాలి. ఇక్కడేమో కుటుంబాలు, బంధువర్గాలు, వాడలకు వాడలు కలిసి నిర్ణయించుకున్నాయి. మాదిగ సమాజంలో పెళ్లి నుంచి పంచాయితీ దాకా నిర్ణయాలు అలాగే జరిగేవి. క్లౌ ఆ పద్ధతిని తప్పుగా చూడలేదు, దానిలోంచే పని చేశాడు.

కరువు ప్రభావం లేదని చెప్పడానికి వీల్లేదు. ఊరు వదిలేసిన సమయంలో తమను మనుషులుగా చూసి, పని చూపించి, కూలి చేతిలో పెట్టినవాళ్లెవరో మాదిగలకు అనుభవంలో తెలిసింది. కృతజ్ఞత, గౌరవం కోసం తపన, విశ్వాసం వాళ్లలో విడదీయలేనంతగా కలిసిపోయాయి. తిండే ఏకైక కారణమనే వాదనకు మాత్రం రెండు విషయాలు అడ్డొస్తాయి. తిండి దొరికిన కాలంలో తలుపు మూసి, సొమ్ము అయిపోయాక తెరిచారన్నది మొదటిది. 1890 డిసెంబరు 28న, కరువు ముగిసి పన్నెండేళ్లు గడిచాక, ఒంగోలులో ఒక్కరోజే 1,671 మంది బాప్తిస్మం పుచ్చుకోవడం రెండోది.

అదే కాలపు కరువు చైనాలో మరో బాప్టిస్టును మరో దారిలో నడిపించింది. వేల్స్‌కు చెందిన తిమోతి రిచర్డ్ 1876లో షాన్‌డాంగ్‌లో ఊరూరూ తిరిగి, విగ్రహాలు విడిచి సజీవుడైన దేవుడిని వర్షం కోసం ప్రార్థించమని గోడపత్రికలు అంటించాడు. తర్వాత షాన్‌షీలో సాయం పంచుతూ చావులను దగ్గరగా చూశాడు. రైలుదారులు, విజ్ఞానశాస్త్రం, చదువు లేకుండా ఇలాంటి విపత్తులు ఆగవన్న నిర్ణయానికి వచ్చి, అధికారులకు విజ్ఞానశాస్త్రం మీద ఉపన్యాసాలు ఇచ్చాడు. పశ్చాత్తాపపు పిలుపుతో మొదలైనవాడు కొన్నేళ్లలోనే విద్యా సంస్కరణల వైపు మళ్లాడు.

ఒంగోలులోనూ దృష్టి చదువు వైపు, వైద్యం వైపు మళ్లింది. ఒక్కసారిగా చేరిన వేలమందికి బోధకులు, ఉపాధ్యాయులు కావలసి వచ్చారు. 1870ల్లోనే రామాయపట్నంలో మొదలైన వేదాంత పాఠశాల ఈ అవసరం తీర్చింది. 1880లో ఒంగోలులో హైస్కూలు వచ్చింది. ఒంగోలు క్షేత్రం మరీ పెద్దదవడంతో 1880ల మొదట్లో కంభం, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల వేరు కేంద్రాలయ్యాయి. పల్లె బడిలో అక్షరాలు నేర్చిన మాదిగ పిల్లలు ఉపాధ్యాయులుగా, ఆ తర్వాతి తరాల్లో నర్సులుగా, గుమాస్తాలుగా మారారు. ప్రభుత్వం వైపు చూస్తే, 1880 నాటి కరువు కమిషన్ నివేదిక నుంచి ఫామిన్ కోడ్‌లు పుట్టాయి. కరువు పనులు ఎప్పుడు తెరవాలి, కూలి ఎంత ఇవ్వాలి అన్నవి రాతపూర్వక నియమాలయ్యాయి.

క్లౌ 1910లో అమెరికాలోని రోచెస్టర్‌లో చనిపోయాడు. ఆయన అనుభవాలను భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గ్రంథస్థం చేయగా అది 1914లో వెలువడింది. కరువు రోజుల గురించి ఆ పుస్తకంలో దేవుడి తీర్పుపై చర్చ కంటే కూలి రేట్లు, శిబిరం ఏర్పాట్లు, వాడల పెద్దల మాటలే ఎక్కువ చోటు ఆక్రమించాయి. ఒంగోలులో ఆయన పేరున ఆసుపత్రి, జూవెట్ పేరున చర్చి వెలిశాయి. ప్రకాశం జిల్లా బాప్టిస్టు సంఘాల్లో చాలావాటి చరిత్ర 1878 నాటి ఆ జులైతోనే మొదలవుతుంది.